లేని మనిషితో తాళం

శ్రుతి తల్లి, లయ తండ్రి అన్నారు మన పెద్దలు. ఆ మాట అన్నవాళ్ళెవరో సంసారం బాగా ఎరిగినవాళ్ళే అయివుండాలి. తల్లి తంబురాలాగా వెనకనుంచి వినిపిస్తూనే ఉంటుంది. తండ్రి కనిపించడు, వినిపించడు. కానీ ఆయన లెక్క తప్పిందో, ఇల్లంతా తెలిసిపోతుంది!

ఈ తండ్రిగారి నడకకు మన సంగీతంలో కాలప్రమాణం అని చక్కని పేరుంది. ఎత్తుకున్న నడక చివరిదాకా నిలవాలి. అయితే ఆ ప్రమాణం ఎవరి దగ్గర ఉంటుంది? పాడే మనిషి దగ్గరే. ఆ మనిషి ఊపిరిలో, తొడమీద తాళం వేసే చేతిలో ఉంటుంది. మృదంగం ఆయన ఆ ముఖం చూస్తూ వాయిస్తాడు. ఈమె ఒక్క క్షణం ఆగితే ఆయనా ఆగుతాడు. మనిషి ఎదురుగా ఉన్నంతకాలం ఏ పేచీ లేదు. మనిషి లేకుండా ఆ మనిషి పాట మాత్రమే మిగిలితే, దానితో కలిసి వాయించడం ఎలాగ? చిన్న ప్రశ్నే గానీ దీని వెనక రెండు వందల యేళ్ళ కథ ఉంది.

ప్రమాణాన్ని మనిషిలోంచి తీసి పెట్టెలో పెట్టినవాళ్ళు యూరపువాళ్ళు. 1814లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ అనే ఆయన టిక్కు టిక్కుమని కొట్టుకునే లోలకం ఒకటి తయారుచేశాడు. మేల్జెల్ అనే మరొకాయన ఆ ఉపాయాన్ని పట్టుకుని, దానికి అంకెల బద్దీ తగిలించి, 1815లో తన పేర పేటెంటు తీసుకున్నాడు. ఒకరు వండితే ఇంకొకరు వడ్డించి పేరు కొట్టెయ్యడం మన పెళ్ళిళ్ళలోనే కాదన్నమాట! అదే మెట్రోనోమ్. 1817లో బీథోవెన్ అంతదాకా తాను రాసిన ఎనిమిది సింఫొనీలకూ నిమిషానికి ఇన్ని దెబ్బలని అంకెలు వేసి ప్రకటించాడు. తను లేనిచోట కూడా తన నడక నిలవాలన్నదే కదా ఆ అంకెల ఉద్దేశం! చిత్రమేమిటంటే ఆ అంకెలు మరీ వేగమని కొందరూ, కాదు సరైనవేనని కొందరూ ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అంకె మిగిలింది, అడగడానికి మనిషి లేడు.

ఇక 1966కు వద్దాం. లండన్‌లో ఆబీ రోడ్డు స్టూడియోలో బీటిల్స్ బృందం 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' అనే పాట రికార్డు చేస్తోంది. ఒకసారి మెత్తగా, నెమ్మదిగా వాయించారు. తర్వాత బాకాలూ సెల్లోలూ పెట్టి వేగంగా, హోరుగా వాయించారు. జాన్ లెనన్‌కు మొదటి దాని మొదలు నచ్చింది, రెండో దాని చివర నచ్చింది. రెండూ కలిపెయ్యమన్నాడు. చీర ఒకచోటా అంచు ఒకచోటా నచ్చిన ఆడవాళ్ళకు ఆ కోరికలో వింతేమీ కనిపించదు గానీ, నిర్మాత జార్జ్ మార్టిన్‌కు మాత్రం గుండె గుభేలుమని ఉంటుంది. ఎందుకంటే ఆ రెంటికీ నడకా వేరు, శ్రుతీ వేరు.

టేపు సంగతి మీకు తెలియనిదేమీ కాదు. 33లో తిరగవలసిన రికార్డును 45లో పెడితే ఏమవుతుందో చిన్నప్పుడు పిల్లలమందరం చేసి చూసినవాళ్ళమే. పాట పరుగెత్తడమే కాదు, గంభీరమైన గొంతు కీచుగొంతయిపోతుంది. టేపైనా అంతే. వేగం మారిస్తే శ్రుతీ మారుతుంది. తండ్రిని కదిపితే తల్లీ కదులుతుంది. అయితే ఆ రోజున అదే కలిసివచ్చింది. వేగం పాటది శ్రుతి కూడా ఎక్కువే. దాన్ని నెమ్మది చేసేసరికి శ్రుతీ దిగివచ్చి రెండూ దాదాపు ఒకచోట కలిశాయి. ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ టేపు కత్తిరించి అతికాడు. 1967 ఫిబ్రవరిలో విడుదలైన ఆ రికార్డులో, సుమారు నిమిషం గడిచాక ఆ అతుకు ఉంది. చెబితే తప్ప తెలియదు.

అదృష్టం అన్నిసార్లూ కలిసిరాదు. తల్లిని కదపకుండా తండ్రిని మాత్రమే కదిపే ఉపాయం కావాలి. కాకతాళీయం చూడండి, అదే 1966 నవంబరులో అమెరికాలో బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లానగన్, గోల్డెన్ అనే ఇద్దరు ఫేజ్ వొకోడర్ అనే పద్ధతిని ప్రకటించారు. వాళ్ళ ధ్యాస మనిషి మాటను తక్కువ చోటులో పంపడం మీద, పాటల మీద కాదు. నేను ఆర్ట్సు చదివినదాన్ని, నాకు అర్థమైనట్టు చెబుతాను. జడ పొడుగు చెయ్యాలంటే లాగితే జుట్టు ఊడివస్తుంది. పాయలు విడదీసి, సవరం కలిపి, మళ్ళీ అల్లాలి. ధ్వనినీ అలాగే సన్నని పాయలుగా విడదీసి, ఒక్కొక్కదాన్నీ కావలసినంత సాగదీసి తిరిగి అల్లితే, శ్రుతి చెడకుండా పాట నిడివి మారుతుంది. ఈ అల్లిక ఇంటి కంప్యూటర్లకు పట్టుబడేసరికి మూడు దశాబ్దాలు పట్టింది. 2001లో బెర్లిన్ నుంచి వచ్చిన ఏబుల్టన్ లైవ్ దాన్ని పాట నడుస్తుండగానే చేసి చూపించింది.

మా అక్కకొడుక్కి ఈ పిచ్చి ఉంది. వాడి కంప్యూటరు తెరమీద పాట గొంగళిపురుగులా పడుకుని ఉంటుంది. దానిమీద సమాన దూరంలో నిలువు గీతలు. మనిషి వేసిన దెబ్బ ఒకటి గీతకు ముందు పడుతుంది, ఒకటి వెనక పడుతుంది. వాడు ఒక్కొక్క దెబ్బనూ పట్టుకుని గీతమీదికి లాగుతాడు.

“చూశావా పిన్నీ, ఇప్పుడు పర్ఫెక్ట్!” అన్నాడు.

“మనిషినే గీతమీదికి లాగాలా? గీతనే మనిషి దగ్గరికి జరపకూడదట్రా?” అన్నాను.

“జరపొచ్చు పిన్నీ. పాటను ముట్టుకోకుండా, అది ఎలా నడిస్తే గీతల్ని అలా సర్దుకోవచ్చు. కాకపోతే తర్వాత వాయించేవాళ్ళు దాని వెంట నడవాలి. పనెక్కువ.”

వాడు మామూలుగానే అన్నాడు గానీ, కథంతా ఆ మాటలోనే ఉందనిపించింది.

జాన్ లెనన్ 1980 డిసెంబరు 8న హత్యకు గురయ్యాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1977లో, న్యూయార్కులో తన ఇంట్లో పియానో ముందు కూర్చుని ఒక పాట మామూలు క్యాసెట్టులో పాడిపెట్టుకున్నాడు. 1994లో ఆయన భార్య యోకో ఓనో ఆ టేపును పాత మిత్రుడు పాల్ మెకార్ట్నీ చేతికిచ్చింది. పాల్, జార్జ్ హారిసన్, రింగో స్టార్ పాల్ గారి స్టూడియోలో చేరారు. జాన్ సెలవు మీద వెళుతూ 'మిగతాది మీరు పూర్తిచెయ్యండి' అని టేపు ఇచ్చిపోయినట్టు అనుకుందామని పాల్ మిగిలిన ఇద్దరితో అన్నాడట. అలా అనుకుంటే తప్ప చేతులు ఆడని పని అది.

చేతులు ఆడినా తాళం కుదరాలిగా! ఒంటరిగా తనకోసం పాడుకునే మనిషి గడియారం చూసుకోడు. జాన్ నడక ఒకచోట ముందుకు తూగుతుంది, ఒకచోట వెనక్కి ఆగుతుంది. బతికున్న రోజుల్లో అయితే రింగో అతని భుజం కదలిక చూసి డ్రమ్ము వేసేవాడు. ఇప్పుడు చూడడానికి భుజం లేదు. పైగా గొంతూ పియానో ఒకే ట్రాకులో ఉన్నాయి, ఒకటి పెంచితే రెండోదీ పెరుగుతుంది. నిర్మాత జెఫ్ లిన్ ఆ ఎగుడుదిగుళ్ళు సవరించి, మిగిలినవాళ్ళు కలిసి వాయించే వీలు కల్పించాడు. మధ్యలో పూర్తికాని చరణాన్ని పాల్, జార్జ్ పాడారు. 1995 డిసెంబరులో 'ఫ్రీ యాజ్ ఎ బర్డ్' విడుదలైంది.

ఆ టేపుల్లోదే ఇంకొక పాట, 'నౌ అండ్ దెన్', అప్పుడు కుదరక వదిలేశారు. గొంతునూ పియానోనూ విడదీసే కంప్యూటరు విద్య వచ్చాక అది 2023 నవంబరు 2న వెలువడింది. అప్పటికి జార్జ్ కూడా పోయి ఇరవై రెండేళ్ళు కావస్తోంది. 1995లో ఆయన వాయించిన గిటారు అందులో ఉంది. ఇద్దరు ఉన్నవాళ్ళూ, ఇద్దరు లేనివాళ్ళూ కలిసి ఒకే తాళానికి నడిచారు.

ఇది మంచిదా, కాదా? చనిపోయినవాళ్ళ నడక దిద్దడానికి మనమెవరం అని ఒక మనసంటుంది. దిద్దకపోతే ఆ స్నేహితులు అతని పక్కన నిలబడగలిగేవారా అని ఇంకొక మనసంటుంది. నా మటుకు నాకు రెండోదే నచ్చింది, ఒక షరతు మీద. మన ఇళ్ళల్లోనూ పాత క్యాసెట్లు ఉన్నాయి. అమ్మమ్మ మంగళహారతి, నాన్న హరికథ ఆలాపన, పక్కన కుక్కరు కూత. పిల్లలు రేపో మాపో వాటికి తబలా, కీబోర్డు కలుపుతామంటారు. కలపనివ్వండి. ముందు అసలు టేపును ఉన్నదున్నట్టు ఒక నకలు తీయించి భద్రంగా దాచండి. చరణం మధ్యలో అమ్మమ్మ ఎందుకు ఆగిందో యంత్రానికి తెలియదు. పొయ్యిమీద పాలు పొంగాయని మనకే తెలుసు.