ఒంటి వైపర్ బండి

ఇటు మంట దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. బెంజి అంటే పైసలున్నోళ్ల దర్పం అనుకుంటరు మీరు. నేను చెప్పేది దాని లోపలి పనితనం ముచ్చట.

1995ల పుణెల తయారైంది ఆ బండి, మన దేశంల తయారైన మొదటి బెంజి కారు. టాటావాళ్లతోని కలిసి మొదలువెట్టిండ్రు. పేరు ఈ-క్లాస్, మా మెకానిక్‌లకు మటుకు అది డబ్ల్యూ 124. జర్మనీల 1984లనే వచ్చింది. మన దగ్గరికి వచ్చిన ఏడాదే అక్కడ దాని తర్వాతి మోడల్ గూడ దిగింది. పాతదని మొఖం తిప్పుకున్నోళ్లు ఉన్నరు. నేనైతే పదేండ్లు రోడ్ల మీద నలిగి నిగ్గుదేలిన బండి అంట.

అప్పటిదాంక మా చేతులకు అంబాసిడర్, ఫియట్ అలవాటు. దీని బానెట్ సగంల ఆగదు, ఇంకో మెట్టు లేపితే నిట్టనిలువుగ నిలవడుతది. నడుము వంచి లోపల తలకాయ వెట్టే పని లేదు. రిపేరు చేసేటోని గురించి గూడ ఆలోచన చేసిండ్రు. ఆ ఒక్కదానికే నాకు దాని మీద గౌరవం పుట్టింది.

ఇగ వైపర్. దీనికి ఒక్కటే, అద్దం నడుమ. ఒక్కటే గుండ్రంగ తిరిగితే పై మూలలు మిగిలిపోవాలె గద? అందుకే దాని మొదట్ల పండ్ల చక్రాలు వెట్టిండ్రు. మూల దిక్కు పోతాంటే కడ్డీ బయటికి సాగుతది, నడిమికి రాంగనే లోపలికి గుంజుకుంటది, మళ్ల అవుతలి మూలకు సాగుతది. అద్దంల నూటికి 86 వంతులు తుడుస్తది. వానపడుతాంటే షెడ్డు ముంగట నిలవడి దాన్నే చూసేటోన్ని.

వెనక లైట్ల అద్దాలు నున్నగ ఉండయి, గాడులు గాడులుగ ఉంటయి. సోకు కోసం గాదు. బురద ఉబ్బెత్తు గీతల మీదనే పేరుకుంటది, లోపలి గాడులకెల్లి వెలుతురు వస్తనే ఉంటది. బేలా బరేని అనే బెంజి ఇంజినీరు ఆలోచన అది. కారు గుద్దుకుంటే ముందుభాగం నలిగి లోపలి మనిషిని కాపాడే పద్ధతి గూడ ఆయనదే.

బండి రూపం బ్రూనో సాక్కో చేతికింద తయారైంది. ఇటలీల పుట్టినాయన. డిక్కీ దిక్కు పోయినకొద్ది ఒళ్లు సన్నవడుతది, గాలి చిక్కకుండ జారిపోవాలని.

వెనక చక్రం ఒక్కోదానికి ఐదు కడ్డీలు. గుంతల పడి చక్రం లేచినా పక్కకు ఒరగదు, నేల మీద పట్టు సడలదు. కింద పండుకొని చూస్తే మొదట్ల అంతా గజిబిజి అనిపిస్తది, బుష్షులు మార్చాల్నంటే శెమట్లు వడతయి. ఏ కడ్డీ దేన్ని పట్టుకున్నదో సమజైనంక మాత్రం ఒక్కటి గూడ ఫాల్తు అనిపియ్యలే.

డీజిల్‌ది 2.5 లీటర్ల ఇంజను, ఐదు సిలిండర్లు. టైమింగ్‌కు బెల్టు గాదు, చైను. పొద్దుగాల స్టార్ట్ చేయించి చెవి వెట్టి ఇంటే, ఆ చైను సాగిందా లేదా సప్పుడుతోనే చెప్పేటోళ్లం.