మన మిద్దెల మీదికి వచ్చిన తోకచుక్కలు

మన పూర్వ విద్యార్థుల సంఘం 1975లో పుట్టింది. ఈ యాభై ఏళ్లలో బడికి ఎన్ని గదులు వచ్చాయి, ఎందరు హెడ్మాస్టర్లు మారారు, ఏ బ్యాచ్ ఏం సాధించింది అన్నవి ఈ సంచికలో పెద్దలు రాస్తున్నారు. నేను అదే యాభై ఏళ్లలో మన ఊరి ఆకాశంలో జరిగిన కథ ఒకటి రాస్తాను. నేను 1986 వేసవిలో పదో తరగతి పూర్తి చేసిన బ్యాచ్ వాణ్ని. మా వాళ్లు ఎక్కడ కలిసినా ఒక వాదం తప్పకుండా వస్తుంది: "హేలీ తోకచుక్కను నిజంగా చూసిందెవరు?" కొందరు వాడరేవు ఇసుకలో నిలబడి పొడవాటి తోకతో సహా చూశామంటారు. కొందరు మిద్దె మీద నుంచి చూశామని, తోకా లేదు, పాడూ లేదు, దూదిపింజలాంటి మచ్చ మాత్రం ఉందని అంటారు. ఇంకొందరు ఏమీ కనిపించలేదని, అదంతా పేపర్ల వాళ్ల హడావుడని కొట్టిపారేస్తారు. దాదాపు నలభై ఏళ్లుగా తేలని ఈ తగువు తీర్చడానికి దారి ఉంది. దానికి ముందు కాస్త చరిత్ర.

లెక్కకు అందదన్నది లెక్కకు అందింది

మనవాళ్లు తోకచుక్కను ధూమకేతువు అన్నారు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతుచారం పేరుతో ఒక అధ్యాయమే రాశాడు. గ్రహణాలను, గ్రహాల నడకను గణించగలిగిన ఆ పండితుడు, కేతువుల రాకపోకలను మాత్రం గణితంతో తెలుసుకోలేమని అక్కడ ఒప్పుకున్నాడు. ఎప్పుడొస్తుందో తెలియనిది ఆకాశంలో హఠాత్తుగా కనిపిస్తే మనిషి భయపడతాడు. అరిష్టమన్న మాట ఆ భయంలోంచి వచ్చిందే.

ఆ లెక్క అందింది 1705లో. ఇంగ్లండులో ఎడ్మండ్ హేలీ 24 తోకచుక్కల కక్ష్యలను గణించి ప్రచురించాడు. వాటిలో 1531, 1607, 1682లలో వచ్చినవి మూడూ ఒకే దారిన నడిచాయని గమనించాడు. అవి మూడు కాదు, ఒక్కటేనని, 1758లో మళ్లీ వస్తుందని చెప్పాడు. ఆ రాకను చూడకుండానే 1742లో, 85 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. 1758 డిసెంబర్ 25 రాత్రి దాన్ని అందరికన్నా ముందు చూసినవాడు ఏ రాజు కొలువులోని జ్యోతిష్కుడూ కాదు. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గరి పల్లెలో సేద్యం చేసుకునే పాలిట్జ్ అనే రైతు. తన సొంత టెలిస్కోపుతో చూశాడు. ఇంటి దగ్గరి నుంచి తోకచుక్కను వెతికేవాళ్లందరికీ ఆయన పెద్దన్న లాంటివాడు.

1910: నాయనమ్మ సాక్ష్యం

1986లో మా నాయనమ్మకు 86 ఏళ్లు. చిన్నతనంలో తోకచుక్కను చూశానని, దాని తోక సగం ఆకాశం ఆక్రమించిందని చెప్పేది. ఆ తరం వాళ్లు చాలామంది ఇలాగే చెప్పేవారు. అయితే 1910లో వచ్చిన పెద్ద తోకచుక్కలు రెండు. మొదటిది జనవరిలో, ఎవరూ ఊహించకుండా వచ్చింది. దక్షిణాఫ్రికాలో కనిపించి, సంక్రాంతి వెళ్లాక సాయంత్రాలు పడమటి దిక్కున మెరిసింది. రెండోది హేలీ. అది మే నెలలో చాలా రోజులు తెల్లవారుజామున తూర్పున కనిపించి, మే 20 తర్వాత సాయంత్రపు ఆకాశంలోకి మారింది. కాబట్టి "చూశాను" అన్న మాట ఒక్కటే చాలదు. ఏ కాలంలో, ఏ వేళలో, ఏ దిక్కున చూశారో అడగాలి. మా నాయనమ్మ చెప్పిన గుర్తులు ఇవి: ఎండాకాలం, ఆవకాయ పెట్టే రోజులు, కోడి కూసే వేళ, తూర్పు దిక్కు. ఆమె చూసింది హేలీనే.

ఆ మే నెల 18, 19 తేదీల్లో భూమి ఆ తోకచుక్క తోకను దాటుతుందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. తోకలో సైనోజెన్ అనే విషవాయువు ఉందని అంతకు ముందే తేలింది. పాశ్చాత్య దేశాల్లో జనం తలుపుల సందులు మూసుకున్నారు. తోకచుక్క మాత్రల పేరుతో మోసగాళ్లు సొమ్ము చేసుకున్నారు. తోకలోని వాయువు ఎంత పలచనంటే భూమి మీద ఎవరికీ ఏమీ కాలేదు. అదే ఏడాది గురజాడ అప్పారావుగారి 'ముత్యాల సరములు' ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. అందరూ అరిష్టమని బెదిరిన చుక్కలో ఆయన సంస్కరణకు జెండాను చూశారు. తోకచుక్కకు భయపడటం మానమని తెలుగువాడికి చెప్పిన తొలి గొంతుల్లో అదొకటి.

సంఘం పుట్టిన ఏడాదికి వచ్చిన అతిథి

1973 చివర్లో కోహౌటెక్ అనే తోకచుక్క గురించి ప్రపంచమంతా ఊదరగొట్టారు. శతాబ్దపు తోకచుక్క అన్నారు. తీరా అది అనుకున్నంతగా వెలగలేదు. ఆ చేదు అనుభవంతో పత్రికలు 1976లో వచ్చిన వెస్ట్ తోకచుక్కను పెద్దగా పట్టించుకోలేదు. అదేమో ఆ మార్చి తెల్లవారుజాముల్లో విసనకర్రలా విచ్చుకున్న తోకతో వెలిగిపోయింది. మన సంఘానికి అప్పటికి ఏడాది. అంత చక్కటి దృశ్యం తూర్పున నిలబడితే, చెప్పేవాళ్లు లేక లోకంలో చాలామంది నిద్రపోయారు. మన సీనియర్లలో పొలానికి నీళ్లు పెట్టడానికో, తొలి రైలు ఎక్కడానికో ఆ వేళ లేచినవాళ్లు ఎవరైనా చూసి ఉంటే దయచేసి సంఘానికి రాయండి.

1986: తగువు తీర్పు

1985 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో బిర్లా ప్లానెటేరియం తెరిచారు. ఆ నవంబర్‌లో హేలీ తోకచుక్క పిల్లలకోడి, అంటే కృత్తికల పక్కగా నడిచింది. కానీ అప్పుడు దానికి బైనాక్యులరైనా కావలసిందే. జనవరిలో సూర్యాస్తమయం తర్వాత పడమట చాలా తక్కువ ఎత్తులో, సంధ్య వెలుగులో మసకగా ఉంది. ఫిబ్రవరి 9న సూర్యుడికి అతి దగ్గరగా వచ్చింది. సరిగ్గా అప్పుడు భూమి సూర్యుడికి ఇటుపక్క, తోకచుక్క అటుపక్క. బాగా వెలగాల్సిన రోజుల్లో అది సూర్యుడి చాటున ఉండిపోయింది. రెండు వేల ఏళ్ల రాకల్లో ఇంత అననుకూలమైనది లేదని ఖగోళజ్ఞులు అందుకే అన్నారు. మా బ్యాచ్‌లో "ఏమీ కనిపించలేదు" అనేవాళ్లు చాలావరకు ఈ జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెతికి విసిగిపోయినవాళ్లే. వాళ్లు చెప్పేదీ నిజమే.

మార్చిలో అది తెల్లవారుజామున ఆగ్నేయ దిక్కున తేలింది. ఆ ఏడాది శివరాత్రి మార్చి 8. జాగారం చేసి, మర్నాడు తెల్లవారకముందే తూర్పు చూసినవాళ్లకు అది అందింది. అదే 9వ తేదీన సోవియట్ నౌక వేగా-2 ఆ తోకచుక్క పక్కగా దూసుకుపోయింది. 13వ తేదీ రాత్రి ఐరోపా వారి జ్యోతో నౌక దాని కేంద్రానికి సుమారు 600 కిలోమీటర్ల దూరంలోకి వెళ్లి ఫోటోలు తీసింది. పొడవు సుమారు 15 కిలోమీటర్లు, వేరుశనగ కాయలాంటి ఆకారం, బొగ్గుకన్నా నల్లటి పైపొర. లోపల మంచు, ధూళి. ఆ రోజుల్లోనే మన సైన్సు మాస్టారు కొందరిని సైకిళ్ల మీద వాడరేవుకు తీసుకెళ్లారు. సముద్రం మీద దీపం లేదు, చెట్టు అడ్డం లేదు. అక్కడ చూసినవాళ్లు తోకను చూశారు.

ఏప్రిల్‌లో కథ మారింది. ఆ ఏడాది ఉగాది ఏప్రిల్ 10. మర్నాడు 11న తోకచుక్క భూమికి అతి దగ్గరగా, సుమారు 6 కోట్ల 30 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చింది. అమావాస్య దాటిన మరుసటి రోజులు కాబట్టి చంద్రుడి వెన్నెల అడ్డం లేదు. అప్పుడది బాగా దక్షిణాన ఉంది. లండన్ వాళ్లకు దిగంతం కిందే ఉండిపోయింది. ఢిల్లీలో సుమారు 14 డిగ్రీలకు మించి లేవలేదు. మన చీరాలలో మాత్రం 27 డిగ్రీలు లేచింది. చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు. అంటే దక్షిణపు అంచు నుంచి మూడు పిడికిళ్లకు కాస్త తక్కువ. ఇంటి మిద్దె మీద నుంచి హాయిగా చూడదగిన ఎత్తు. తర్వాతి నాలుగైదు రాత్రుల్లో అది త్రిశంకుకు ఎడమ పక్క, పైగా జరిగింది.

మరి తోక ఏమైంది? తోక ఎప్పుడూ సూర్యుడికి వ్యతిరేక దిశలో ఉంటుంది. ఆ రోజుల్లో సూర్యుడు మన వీపు వెనక, తోకచుక్క మన ముందు. తోక దాని వెనక్కి, మననుంచి దూరంగా చాచి ఉంది. ఎదురుగా వస్తున్న మనిషి జడ మనకు కనిపించనట్లే ఇది కూడా. మిద్దె ఎక్కినవాళ్లకు కనిపించింది గుండ్రటి దూదిపింజే. కాబట్టి తీర్పు ఇది: తోక చూసినవాళ్లూ నిజమే చెప్పారు, తోక లేదన్నవాళ్లూ నిజమే చెప్పారు. నెల ఒక్కటే తేడా. తోక లేని తోకచుక్కను చూశానని చివరిదాకా పట్టుబట్టిన మా మిత్రుడొకడు ఇప్పుడు మన మధ్య లేడు. అతని మాట సరైనదేనని ఈ సంచికలో నమోదు కావాలని నా కోరిక.

తర్వాతివి

1996 మార్చి చివర్లో హయకుటకే తోకచుక్క భూమికి కోటిన్నర కిలోమీటర్ల దూరంలోకి వచ్చి, ధ్రువ నక్షత్రం పక్కగా సాగిపోయింది. దాన్ని కనిపెట్టిన జపాన్ ఔత్సాహికుడి చేతిలో ఉన్నది పెద్ద బైనాక్యులర్. 1997 వసంతంలో హేల్-బాప్ సాయంత్రాలు వాయవ్యాన అందరికీ కనిపించింది. దాని పేరులోని ఇద్దరిలో అలన్ హేల్ తన ఇంటి ముందు నుంచి, థామస్ బాప్ స్నేహితుడి టెలిస్కోపులోంచి 1995 జులైలో ఒకే రాత్రి చూశారు. 2020 జులైలో నియోవైజ్ వచ్చినప్పుడు మనకు వానాకాలం. 2024లో సుచిన్షాన్-అట్లాస్ సెప్టెంబర్ చివర తెల్లవారుజామున తూర్పున, అక్టోబర్ మధ్య నుంచి సాయంత్రం పడమట వచ్చింది. అప్పుడూ మబ్బు తెరిపి ఇచ్చినవాళ్లదే అదృష్టం.

తోకచుక్కకు పేరు పెట్టించుకున్న మన ప్రాంతపు కుర్రాడు కూడా ఉన్నాడు. వేణు బాపు హైదరాబాద్‌లో పెరిగారు. తండ్రి నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లి, అదే 1949లో ఒక ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను గుర్తించారు. అది బాపు-బాక్-న్యూకర్క్ తోకచుక్క. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు నిండలేదు.

చూడాలంటే

అనుభవంతో చెప్పే నాలుగు మాటలు. పేపర్లో రాసే ప్రకాశం అంకెను చూసి ఆశపడకండి. నక్షత్రం వెలుగంతా ఒక చుక్కలో ఉంటుంది, తోకచుక్క వెలుగు పరుచుకుని ఉంటుంది. అందుకే అదే అంకె ఉన్నా మసకగా కనిపిస్తుంది. మిద్దె ఎక్కాక సెల్‌ఫోన్ జేబులో పెట్టి ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చోండి. సూటిగా కాక, కాస్త పక్కకు చూడండి. కంటి అంచుకు మసక వెలుగు బాగా అందుతుంది. 7×50 బైనాక్యులర్ ఒకటి ఉంటే చాలు, గోడకు ఆనించి పట్టుకోండి. ముందు పిల్లలకోడిలో ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. ఆరు కనిపిస్తే ఆకాశం బాగున్నట్టు. 1986లో మన వీధుల్లో ఆరు లెక్కపెట్టడం పెద్ద పని కాదు, కరెంటు పోతే ఇంకా తేలిక. ఇప్పుడు ఎల్‌ఈడీ వీధి దీపాల కింద నాలుగు లెక్కపెట్టినా గొప్పే. ఈ యాభై ఏళ్లలో తోకచుక్కలు తగ్గలేదు, మన చీకటి తగ్గింది.

హేలీ మళ్లీ సూర్యుడికి దగ్గరగా వచ్చేది 2061 జులై 28న. ఈసారి భూమి, అది సూర్యుడికి ఒకే పక్కన ఉంటాయి కాబట్టి 1986 కన్నా బాగా వెలుగుతుందని అంచనా. మనకు వానాకాలమే అయినా మబ్బుల సందు దొరక్కపోదు. మా బ్యాచ్ వాళ్లకు అప్పటికి 90 ఏళ్లు. ఇప్పుడు మన బడిలో ఆరో తరగతి చదివే పిల్లలకు 50 లోపే. చూసేది వాళ్లే.

అంతవరకు ఆగనక్కర్లేదు. హేలీ వదిలిన ధూళి గుండా భూమి ఏడాదికి రెండుసార్లు వెళుతుంది. అక్టోబర్ 21 ప్రాంతంలో మనకు మబ్బులు, కానీ మే 6 ప్రాంతంలో ఆకాశం తేటగా ఉంటుంది. వేసవి సెలవులు, పిల్లలు మిద్దెల మీద పడుకునే రోజులు. తెల్లవారుజామున మూడున్నరకు లేపి తూర్పు చూపించండి. రాలే ప్రతి చుక్కా హేలీ ముక్కే కావచ్చు. వాళ్ల నోట్‌బుక్‌లో తేదీ, వేళ, దిక్కు రాయించండి. రేపు ఎవరైనా "నువ్వు నిజంగా చూశావా?" అని అడిగితే ఆ మూడు మాటలే సాక్ష్యం. ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం: ఆ ఒక్క రాత్రి బడి మైదానంలో దీపాలు ఆర్పించండి. చూసినవాళ్ల వివరాలు రాయడానికి సంఘం ఒక రిజిస్టర్ పెడితే, మొదటి పేజీ మా బ్యాచ్ నింపుతుంది.