చెమ్మతో పేచీ

శ్రావణమాసం వచ్చిందంటే పేరంటాలూ, శనగల వాయినాలూ ఎంత సంబరమో, చెమ్మతో పేచీ కూడా అంతే. జాడీలో ఉప్పు నీరు కారుతుంది. వేయించిన అప్పడం కంచంలోకి వచ్చేసరికి మెత్తబడుతుంది. బీరువా తలుపు తీస్తే పట్టుచీరల మధ్య నుంచి ముక్కిపోయిన వాసన. "మే నెలలో మండిపోయాం, ఇప్పుడు ఉడికిపోతున్నాం" అనుకుంటాం. కాని మండటం వేరు, ఉడకటం వేరు సుమండీ! రెండింటికీ మందు ఒకటి కాదు. ఈ తేడా తేలిన కథలో మా సికింద్రాబాదుకి కూడా చిన్న పాత్ర ఉంది.

1806లో మూడవ నిజాం సికందర్ జా పేరున వెలసిన ఈ ఊరు మొదట ఇంగ్లీషువాళ్ళ దండు. దండు బంగళాల్లో ఎండాకాలం తలుపులకి వట్టివేళ్ళ తడికెలు కట్టి, నౌకర్ల చేత నీళ్ళు చల్లించేవారు. వడగాలి ఆ తడిలోంచి దూరి లోపలికి వచ్చేసరికి చల్లబడేది. మన మట్టికుండ చేసే పని, ఇప్పటి రూమ్ కూలరు చేసే పని కూడా అదే. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. అయితే గాలి పొడిగా ఉంటేనే ఈ కిటుకు పారేది. మే నెలలో మా ఊళ్ళో ప్రాణం లేచొచ్చే కూలరు, కాకినాడలో మా పిన్నిగారింట్లో ముసురు పట్టించినట్టే ఉంటుంది. ఒంటినిండా నీళ్ళున్న గాలి ఇంకేం తాగుతుంది? తొలకరి పడ్డాక ఇక్కడా అంతే.

ఇక పంకా. తాడు పట్టుకుని ఒక మనిషి గంటల తరబడి లాగితే ఇంకొకరికి గాలి తగిలేది. నిజానికి పంకా గాలిని చల్లబరచదు. ఒంటిమీది చెమటని తొందరగా ఆర్పుతుంది, అంతే. ఆ పంకా కూడా ఆపుకుని కూచున్న మహానుభావుడొకాయన ఉన్నాడు. ఆయనే రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టులో బేగంపేట ఆస్పత్రిలో, చీకటి కొట్టులాంటి చిన్న గదిలో దోమల్ని కోసి భూతద్దం కింద పరీక్ష చేసేవాడు. పంకా వేస్తే దోమ ముక్కలు ఎగిరిపోతాయని వద్దన్నాడు. ఈగలు ముసిరేవి. నుదుటి నుంచీ, చేతుల నుంచీ కారిన చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయని ఆయనే రాసుకున్నాడు. ఆ అవస్థలోనే ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమి జాడ కనిపెట్టాడు. బేగంపేటలో ఆ భవనం ఈనాటికీ ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా నాకు దోమ కన్నా ముందు ఆ తుప్పు పట్టిన మరలే గుర్తొస్తాయి.

రాస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది 1902లో. సరిగ్గా ఆ ఏడే అమెరికాలో పాతికేళ్ళ ఇంజనీరు విల్లిస్ కారియర్ గాలిలోంచి నీళ్ళు పిండే యంత్రానికి నమూనా గీశాడు. మనుషులు ఉక్కపోతకి అల్లాడుతున్నారని జాలిపడి గీశాడనుకునేరు! కాయితం కోసం. న్యూయార్క్‌ నగరంలోని బ్రూక్లిన్‌లో సాకెట్ విల్హెల్మ్స్ అనే అచ్చు కంపెనీ ఉండేది. రంగుల బొమ్మ ఒక్కో రంగూ విడివిడిగా అచ్చవుతుంది. మధ్యలో కాయితం చెమ్మ పీల్చి సాగితే రెండో రంగు పక్కకి జరుగుతుంది. పాత పత్రికల ముఖచిత్రాల మీద అమ్మాయి పెదవుల ఎరుపు చెంప మీదికి జారడం మీరూ చూసే ఉంటారు. ఆ జారుడు ఆపడానికి పుట్టిన యంత్రమది. తర్వాత బట్టల మిల్లులూ, సినిమాహాళ్ళూ దాన్ని అందుకున్నాయి. 1925లో న్యూయార్క్ రివోలీ థియేటరు ప్రేక్షకులకి ఆ చల్లదనం దక్కింది. ఇళ్ళ వంతు వచ్చింది ఆ తర్వాతే.

ఇంట్లో పెట్టుకునే డీహ్యూమిడిఫయరు ఆ వంశంలోదే. దాని పని తెలియాలంటే చల్లటి నీళ్ళ చెంబుని చూస్తే చాలు. కాసేపటికి చెంబు బయట చెమట పోస్తుంది కదా, అది గాలిలోని నీరే. వేడిగాలి ఎక్కువ ఆవిరిని మోస్తుంది, చల్లబడితే మోయలేక దించేస్తుంది. యంత్రంలో ఫ్యాను గాలిని లాగి చల్లటి గొట్టాల మీదుగా పంపుతుంది. నీళ్ళు బొట్లు బొట్లుగా కింది డబ్బాలో పడతాయి. పొడిబారిన గాలి వేడి గొట్టాల మీదుగా బయటికి వస్తుంది. 12 అడుగుల పొడుగు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో 30 డిగ్రీల వేడీ, 80 శాతం తేమా ఉంటే, కంటికి కనబడకుండా సుమారు 800 గ్రాముల నీరు గాలిలో తేలుతోందన్నమాట!

కొనేవాళ్ళకి ఒక్క మాట. అది గదిని చల్లబరచదు, కాస్త వెచ్చబరుస్తుంది కూడా. లీటరు నీరు ఆవిరిలోంచి దిగితే సుమారు 580 కిలోకేలరీల వేడి విడుస్తుంది, దానికి తోడు కరెంటు వేడి. కిటికీలు తీసి పెట్టి నడిపితే ఊరి గాలంతా ఆరబెట్టినట్టే. ఏసీ ఉన్న గదికి ఇది అక్కర్లేదు. వెనక గొట్టంలోంచి కారే నీళ్ళు ఏసీ పిండిన చెమ్మే. మా ఊళ్ళో మే నెలలో దాని మొహం చూడక్కర్లేదు. ముసురు రోజుల్లో మాత్రం, చంటిపిల్లల గుడ్డలు లోపలే ఆరేసే ఇంట్లో, గోడకి బూజు పట్టి పిల్లలు దగ్గుతూ ఉబ్బసంతో బాధపడే ఇంట్లో అది విలాసం కాదు. ముందొక చిన్న తేమ మీటరు గోడకి తగిలించండి. ముల్లు రోజుల తరబడి 60 దాటి ఉంటే, అప్పుడు ఆలోచించండి.

యంత్రం రాకముందు ఈ పనంతా ఎవరు చేశారంటారు? ఉప్పుడబ్బాలో నాలుగు బియ్యపుగింజలు వేసిందెవరు? కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి చంటివాడి గుడ్డలు ఆరబెట్టిందెవరు? కాస్త ఎండ పొడ కనబడితే చాలు, ఒడియాలూ, పప్పులూ, పరుపులూ వరండాలోకి మోసి, చినుకు పడితే లోపలికి పరుగెత్తిందెవరు? వేడిగాలి ఎక్కువ నీరు మోస్తుందన్న సూత్రం కుంపటి దగ్గర కూచున్న బామ్మకి చేతలో తెలుసు. నాఫ్తలీను ఉండలు పురుగుల్ని తరుముతాయి గాని చెమ్మని పీల్చవనీ ఆవిడకి తెలుసు. అందుకే ఏటా చీరల మడతలు విప్పి నీడన ఆరవేసేది.

కాయితం సాగితే కంపెనీకి నష్టం, అందుకని లెక్క కట్టారు. మిల్లులో నూలు తెగితే నష్టం, అదీ లెక్క కట్టారు. ఇంట్లో చెమ్మని తరమడానికి ఆడవాళ్ళు వెచ్చించిన గంటలకి మాత్రం పద్దు లేదు, జీతం అంతకన్నా లేదు. మిషను ఖరీదు విని "ఇంతా!" అని మగవారు నోరు తెరిచినప్పుడు, ఆ గంటల ఖరీదు కూడా ఓసారి కట్టి చూడమనండి.