ఓడ ఉంది, ఓడవాడు లేడు

జగ్గయ్యపేట స్తూపం దగ్గరి శాసనం, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో ఆయక స్తంభాలు నిలిపిన సిద్ధార్థుడనే శిల్పి పేరు చెబుతుంది. అంతకు ముందటి యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద ఓడ ఉంది, రాజు పేరుంది; ఓడవాడి పేరు లేదు. రాళ్ళు చెక్కినవాడికి దక్కినది కూడా తెరచాప లాగినవాడికి దక్కలేదు.

ఈ మౌనం రాజులతో పోలేదు. 1894 నాటి చట్టం బ్రిటిష్ నావికుడికి 72 ఘనపుటడుగుల చోటు విధించింది. భారతీయ లాస్కరుకు 36 చాలునన్నారు. అంటే ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. శవపేటికకు సరిపోయే కొలతలు! 1906లో తెల్లవాడి చోటు 120కి పెరిగింది, లాస్కరుది పెరగలేదు.

2013లో అమలుకొచ్చిన అంతర్జాతీయ నావికశ్రమ ఒడంబడిక సైతం రోజుకు 14 గంటల పనిని అనుమతిస్తుంది. విహారనౌక పై అంతస్తున ఈతకొలను. పరిచారకుల గదులు తరచు నీటిమట్టానికి దిగువన.