తైఫ్ మెషీన్ పాతబడితే...

స్పెక్ట్రమ్‌ను ఉర్దూ సైన్సు కితాబుల్లో ‘తైఫ్’ అంటారు. వెలుగును విడదీసి, ఏ పదార్థంలో ఏముందో చెప్పే ఇల్మ్ ఇది. యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్లో పాత తైఫ్ మెషీన్ తీసేసి కొత్తది తేవాలనే మాట రాగానే అందరూ అడిగేది ఒకటే: ఖరీదెంత? ఈ మెషీన్ల తారీఖ్ చదివితే అంతకన్నా జరూరీ సవాల్ ఇంకొకటి కనిపిస్తుంది.

1859లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఉస్తాద్ బున్సెన్, ఫిజిక్స్ ఉస్తాద్ కిర్కాఫ్ కలిసి ఒక పరికరం చేశారు. ఒక సిగార్ డబ్బా, ఒక పట్టకం, పాత దుర్భిణీల ముక్కలు. సామాను అంతే! దాంతోనే 1860లో సీజియం, 1861లో రుబీడియం బయటపడ్డాయి. తగినంత సీజియం చేతికి రావడానికి మాత్రం 40 వేల లీటర్లకు పైగా ఊటనీళ్లు మరిగించాల్సి వచ్చింది. మెషీన్ చవకే, మెహనత్ మాత్రం భారీ.

ఈ దాస్తాన్‌లో మన గుంటూరు కూడా ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో స్పెక్ట్రోస్కోప్ పెట్టి సూర్యుడి అంచున లేచే జ్వాలలను చూశాడు. ఆ గ్రహణంలో పరిశీలకులకు ఒక పసుపు గీత కనిపించింది. అది సోడియం గీత కాదని ఇంగ్లండ్‌లో లాకియర్ తేల్చాడు. ఆ కొత్త మూలకమే హీలియం. 1895లో రామ్సే దాన్ని భూమ్మీది ఖనిజంలో పట్టుకున్నాడు.

ఆ తర్వాత జమానా మారింది. అతినీలలోహిత కాంతిలో కొలతలు కావాలంటే ఫొటో ప్లేటు మీద తైఫ్ తీసి, చీకటి గదిలో కడిగి, నలుపును కొలవాలి. 1941లో అమెరికాలో బెక్‌మన్ కంపెనీ డీయూ మెషీన్ వచ్చింది. ధర 723 డాలర్లు. మీటర్ చూసి అంకె రాసుకుంటే చాలు. 1947లో కేరీ మెషీన్ గీతను తానే కాగితం మీద గీసేసింది.

1930లు, 40లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో టి.ఆర్. శేషాద్రి బృందం పూల రంగుల మీద పనిచేసింది. అణువు ఆకారం తెలియాలంటే దాన్ని రసాయనాలతో ముక్కలు చేసి, ఆ ముక్కలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టాలి. 1961లో వేరియన్ ఏ-60 వచ్చాక ఎన్ఎంఆర్ మామూలు కెమిస్టుల చేతికి అందింది. అణువును విరగ్గొట్టకుండానే అందులోని హైడ్రోజన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పేసింది. 1964లో ఎర్న్‌స్ట్, ఆండర్సన్ చూపిన కొత్త తరీఖాతో పని ఇంకా వేగమైంది. ఎర్న్‌స్ట్‌కు 1991లో నోబెల్ దక్కింది.

అసలు మస్‌అలా ఇక్కడే మొదలవుతుంది. నేటి పెద్ద ఎన్ఎంఆర్ అయస్కాంతం ద్రవ హీలియంలో, దాదాపు మైనస్ 269 డిగ్రీల చలిలో మునిగి ఉండాలి. హీలియం తగ్గిపోతే అయస్కాంతం పని ఆగిపోతుంది. మన దేశం దీన్ని ఎక్కువగా బయటి నుంచే తెచ్చుకుంటుంది. మనవాళ్లెందరో కొలువు చేసే ఖతర్ పెద్ద ఉత్పత్తిదారు. 2017లో పొరుగు దేశాలు దాని దారులు మూసినప్పుడు అక్కడి హీలియం ప్లాంట్లు కొన్నాళ్లు ఆగిపోయాయి. గల్ఫ్‌లో తగాదా వస్తే ల్యాబుల్లో ఫిక్ర్ మొదలవుతుంది. గుంటూరు గ్రహణం నాడు స్పెక్ట్రోస్కోప్‌లో కనబడిన మూలకమే ఇప్పుడు ఆ స్పెక్ట్రోస్కోప్ వారసుడికి రోజువారీ ఖర్చయింది.

కాబట్టి జరూరీ సవాల్ ఇదీ: కొన్న రోజు సంగతి సరే, పదేళ్లు నడిపేదెవరు? హీలియంకు, మరమ్మతుకు, నడిపే మనిషి తన్ఖాకు బడ్జెట్ లేకపోతే కొత్త మెషీన్ కూడా గుడ్డ కప్పిన బొమ్మే.

ఇంకొక మాట. పాతదాన్ని వెంటనే కబాడీకి పంపకండి. కొత్తది మూత బిగించిన పెట్టె, బటన్ నొక్కితే జవాబిస్తుంది. పాతదాని మూత తీస్తే సన్నని చీలిక, పట్టకం, అద్దం అన్నీ కళ్లెదుటే ఉంటాయి. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకు జవాబుతో పాటు, ఆ జవాబు ఎలా వచ్చిందో తెలుసుకునే హక్కూ ఉంది. తాలీమ్ అంటే అదే కదా.