చెవిని చేరని హెచ్చరిక

గోదావరి పాయల నడుమ నున్న కోనసీమకు నీటి భయము క్రొత్త కాదు. 1839 నవంబరులో ఉప్పెన పొరుగున నున్న కోరంగి రేవును ముంచినది. 1986 ఆగస్టులో వరద లంకలను చుట్టివేసినది. 1996 నవంబరు 6వ తేదీ సాయంత్రము వచ్చిన పెనుగాలి కొబ్బరితోటలను నేలగూల్చి, వేయిమందికి పైగా ప్రాణములను బలిగొన్నది.

ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులు చేరగనే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇత్తురు. కాలుసేతులు చక్కగా నున్నవారు మూడవదానివరకు వేచియుందురు. ఆ అలవాటు మంచిదని నేననను. నడవలేని ముదుసలియు, చూపులేని వారును, మంచముపట్టిన రోగియు మొదటి హెచ్చరికతోనే కదలవలసి యుండును. పడవ ముందుగా వారి గుమ్మమునకే రావలయును. ఇక చెవిటివారి మాట? రేడియోలో మేమెంత స్పష్టముగా చదివినను ఆ మాట వారికి వినరాదు. దండోరాయు నంతే. పొరుగువారెవరో వచ్చి భుజము తట్టవలసినదే.

విపత్తులందు వీరికి సమాన రక్షణ కల్పింపవలెననియు, వీరి వివరములను జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ నమోదు చేసి యుంచవలెననియు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములోని 8వ సెక్షను విధించినది. 2022లో అమలాపురము కేంద్రముగా ఏర్పడిన జిల్లాకును ఈ బాధ్యత కలదు. ఆ పట్టికలో పేరొక్కటే చాలదు. ఏ లంక, ఏ వీధి, మోసికొనిపోవుట కెందరు కావలెను, వెంట ఏ మందు లుండవలెను, చక్రాల కుర్చీ పడవలో పట్టునా అన్న సంగతులును వ్రాసి యుండవలెను.