తెలుగు మెదడుకు తెలుగు పరీక్ష

తిరువూరు మీదుగా వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారి మీద బైకు జారి తలకు దెబ్బ తగిలిన మనిషి, కుట్లు మానాక ఇంటికి వస్తాడు. స్కానింగులో ఏమీ లేదంటారు. అయినా చిల్లర లెక్క తప్పుతుంటాడు, ఉత్త పుణ్యానికే ఇంట్లోవాళ్ళ మీద విరుచుకుపడుతుంటాడు. జ్ఞాపకం, ధ్యాస, వివేచన ఎక్కడ దెబ్బతిన్నాయో కొలిచి చెప్పేవారే క్లినికల్ న్యూరోసైకాలజిస్టులు.

ఈ విద్యకు పదును పెట్టింది యుద్ధం. రెండో ప్రపంచయుద్ధంలో మెదడు గాయపడిన సైనికుల్ని సోవియట్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా దగ్గరుండి పరిశీలించారు. అంతకుముందే, 1935లో, వార్డ్ హాల్‌స్టెడ్ షికాగోలో ప్రయోగశాల తెరిచారు. అప్పట్లో ఎవరి దగ్గర పనిచేస్తే వారి పద్ధతే అబ్బేది. 1997లో హ్యూస్టన్‌లో సమావేశమైన అమెరికా నిపుణులు దీనికో క్రమం ఏర్పరిచారు: డాక్టరేట్ తర్వాత రెండేళ్ళు పెద్దల పర్యవేక్షణలో రోగుల మధ్య శిక్షణ.

మన దేశం దారి వేరు. బెంగళూరులో 1954లో మొదలైన మానసిక ఆరోగ్య సంస్థ 1974లో నిమ్హాన్స్ అయింది. 1992 నాటి పునరావాస మండలి చట్టం తర్వాత, రెండేళ్ళ ఎం.ఫిల్ చాలాకాలం వృత్తికి ప్రవేశద్వారంగా నిలిచింది. పీహెచ్‌డీ తర్వాతి శిక్షణ అందరూ ఎక్కాల్సిన మెట్టు కాలేదు.

అసలు చిక్కు పరీక్షల దగ్గరుంది. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు మెక్‌హ్యూతో కలిసి ప్రచురించిన, మతిమరుపును అంచనా వేసే ప్రసిద్ధ పరీక్షలో రోగి ఒక వాక్యం రాయాలి. బడి ముఖం చూడని రైతుకూలీ రాయలేకపోతే అది మతిమరుపు జబ్బా? హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం ఆ పరీక్షను 1995 నాటికి హిందీలో మలిచారు. నిమ్హాన్స్ 2004లో భారతీయులకు తగిన పరీక్షల సంపుటి వెలువరించింది.

మాట్లాడే భాషలకూ మతిమరుపు జబ్బుకూ ఉన్న సంబంధం చూపడం ఆ తర్వాత హైదరాబాద్ వంతైంది. అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా కనిపించింది. చదువురాని వారిలోనూ ఆ తేడా ఉంది! తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన నగరం లోకానికి నేర్పిన పాఠమిది.

రోగి భాషనూ చదువునూ లెక్కలోకి తీసుకోకుండా మెదడును కొలవలేం. అందుకే రేపటి శిక్షణార్థులు తమ శిక్షణలో కొంతకాలమైనా తిరువూరు లాంటి ఊళ్ళ ఆసుపత్రుల్లో, తెలుగులో మాట్లాడే రోగుల దగ్గర గడపాలి. మన వైద్య విశ్వవిద్యాలయాలు పాఠ్యప్రణాళికలోనే ఆ ఏర్పాటు చేయాలి.